మల్లమ్మ పీటకు అంటుకున్న బీకరు

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో రెండు సేనలున్నాయి, ఇద్దరు సేనాపతులున్నారు, కళ్ళు మండించే వాయువు ఉంది, నీటిని చూస్తుండగానే మంచు చేసే చలి ఉంది, యుద్ధం మొదలవ్వబోయే ఘడియలో కుదిరిన సంధి కూడా ఉంది. ఇంత చెప్పాక అసలు సంగతి చెప్పడం మర్యాద. సేనలంటే ఇంటర్ మొదటి సంవత్సరం సైన్సు పిల్లలు. వాయువు అమ్మోనియా, అది ఏ బస్టాండు మూత్రశాలలోనైనా ఊరికే దొరుకుతుంది. మంచు మొత్తం పోగుచేస్తే ఒక చెంచాడు. సంధి కాలేజీ వరండాలో, మంచినీళ్ళ కుండ పక్కన కుదిరింది. కాబట్టి దీన్ని ఉద్యోగ జ్ఞాపకం అనుకుని చదవండి.

నేను రిటైరైన లెక్చరర్ని. వయసు ముప్పై రెండు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే జనం నావైపు జాలిగా చూస్తారు, ఏదో కేసులో ఇరుక్కున్నానని. అలాంటిదేమీ లేదు. సర్కారు జూనియర్ కాలేజీల్లో గెస్టు లెక్చరర్ అనే హోదా ఒకటుంది. రెగ్యులర్ లెక్చరర్ లేని చోట ఏడాదికోసారి పిలిచి పెట్టుకుంటారు. రెగ్యులర్ వచ్చిన రోజు, గెస్టు సెలవు తీసుకుంటాడు. అలా నేను ముప్పై నిండకముందే పదవీ విరమణ చేశాను. శాలువా కప్పలేదు. ఎండాకాలం, కప్పినా వద్దనేవాణ్ణి. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక ప్రైవేటు ల్యాబులో బొగ్గు నమూనాల్లో తేమ ఎంతుందో కొలుస్తున్నాను. బొగ్గు ఎదురు ప్రశ్నలు వేయదు. అందుకే అప్పుడప్పుడు పాత ఉద్యోగం గుర్తుకొస్తుంది.

నా పోస్టింగు ఇలా జరిగింది. మొన్నటి పంచాయతీ ఎన్నికలు కాదు, వాటికి ముందటివి వచ్చిన విద్యా సంవత్సరం, జూలైలో నన్ను కెమిస్ట్రీకి తీసుకున్నారు. కాలేజీ నెల్లికుదురుకూ పెద్దవంగరకూ నడుమ ఉంటుంది, పేరు రాయను. మాది జనగామ. వారమంతా మానుకోటలో అద్దె గది, శనివారం సాయంత్రం జనగామకు రైలు. మహబూబాబాద్ అని కాగితాల మీద రాస్తాం, మానుకోట అని నోటితో అంటాం. రెండూ ఒకటే ఊరు.

కాలేజీలో నా పై అధికారి విజయ మేడం. ఆమె చెప్పే సబ్జెక్టు తెలుగు; రెగ్యులర్ ప్రిన్సిపాల్ లేరు కనుక ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ కూడా ఆమే. నా కింద ఉన్న సిబ్బంది మల్లమ్మ, ల్యాబు అటెండరు. 'నా కింద' అన్నది రికార్డుల ప్రకారం. ల్యాబు తాళాలు ఆమె కొంగున ఉండేవి, బీకరు కావాలంటే నేను అడుక్కునేవాణ్ణి.

ఇక పాఠం. కెమిస్ట్రీలో ఎంట్రోపీ అని ఒక రాశి ఉంది. పుస్తకంలో క్రమరాహిత్యానికి కొలత అని ఉంటుంది. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, ఒక పదార్థంలోని అణువులు, వాటి శక్తి ఎన్ని రకాలుగా సర్దుకోగలవో చెప్పే లెక్క అది. ఘనపదార్థంలో అణువులు కేసముద్రం మార్కెట్ యార్డులో పేర్చిన బస్తాల్లా ఉంటాయి, కదిలే చోటుండదు. ద్రవంలో కాస్త నయం. వాయువులో ఇక అడ్డూ అదుపూ లేదు. అందుకని ఒక రసాయన చర్య వల్ల ఎంట్రోపీ ఎంత మారిందో, అంటే డెల్టా ఎస్ ఎంతో, లెక్క చేయకముందే దాని గుర్తు ప్లస్సా మైనస్సా అని ఊహించవచ్చు. చాలాసార్లు వాయువు ఎటువైపు ఎక్కువుందో చూస్తే సరిపోతుంది. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచి గ్యాసు బయటపడుతుంది, ప్లస్. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయితే నాలుగు పాళ్ళ గ్యాసు రెండు పాళ్ళవుతుంది, మైనస్. రెండు వైపులా గ్యాసు సమానంగా ఉంటే ఊహ పనికిరాదు, పుస్తకం వెనక పట్టిక తీయాలి; పుట్టిన పదార్థాల ఎంట్రోపీల మొత్తంలోంచి కలిపిన పదార్థాల మొత్తాన్ని తీసేయాలి.

నా పద్ధతి ముందు ఊహ, తర్వాత లెక్క. బోర్డు మీద చర్య రాసి, గుర్తేమిటో చెప్పమనేవాణ్ణి. క్లాసు మొత్తం నన్ను చూసేది, నేను క్లాసును చూసేవాణ్ణి. చాలా ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతత భరించలేక ఒకరోజు, నోటితో చెప్పకపోతే మానె, ప్లస్ అనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాను.

నేను చేసింది అంతే. మిగతాదంతా రణధీర్ చేశాడు.

రణధీర్‌ది ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబం. వాళ్ళ ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది కనుక వాళ్ళమ్మ నిలబడబోతోంది. గోడమీది బొమ్మల్లో వాళ్ళ బాపు ఫోటో పెద్దది, వాళ్ళమ్మది చిన్నది. వాడికి చెయ్యెత్తడమంటే ఓటు, ఓటంటే పార్టీ. మొదటి చేతులు లేచిన క్షణంలోనే వాడు వెనక బెంచీలోంచి లేచి తలలు లెక్కపెట్టి, "సార్, జర ఆగున్రి, మా వాళ్ళు ఇద్దరు నీళ్ళకు పోయిన్రు" అన్నాడు.

మరుసటి వారానికి క్లాసులో ప్లస్ పార్టీ, మైనస్ పార్టీ ఏర్పడ్డాయి. ప్లస్ పార్టీకి నాయకురాలు సుజాత. ఆమెది రోడ్డుకు దూరంగా ఉన్న ఒక తండా; ఇంట్లో లంబాడీ, కాలేజీలో తెలుగు, ల్యాబు రికార్డులో ఇంగ్లీషు. గ్యాసు ఎటుందో అందరికంటే ముందు చూసేది. రణధీర్ గ్యాసును చూసేవాడు కాదు, సుజాత ఎటుందో చూసి అవతలి పక్కకు పోయేవాడు. అట్ల కాదురా, సమీకరణం చూడు అని నేను అంటే, "అందరు ఒక్కదిక్కే ఉంటే ఎట్ల సార్, ఎవలో ఒకలు అపోజిషన్ల ఉండాలె గద" అనేవాడు. సుజాత తన తండా పిల్లలతో లంబాడీలో ప్రచారం చేసేది. అది వీడికి ప్రాణసంకటం. "ఏం చెప్తున్నవో తెల్గుల చెప్పు!" అని అరిచేవాడు. "మైనస్సోళ్ళకు తెల్గుల చెప్పినా తెల్వదు" అనేది ఆమె.

సిలబస్ కదిలింది కనుక ఈ పార్టీలను నేను పట్టించుకోలేదు.

పట్టించుకోవలసింది జనవరిలో వచ్చింది. విజయ మేడం మానుకోటలో మీటింగుకు పోయి వచ్చి నన్ను పిలిచి, సైన్సు సెక్షన్‌ను మానుకోట కాలేజీలో కలిపే ఆలోచన ఉందని చెప్పారు. జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వస్తాడు, క్లాసు చూస్తాడు, చూసి చెప్తాడు. ఆర్ట్సు గ్రూపులు మాత్రం ఇక్కడే ఉంటాయి. "ఆయన వచ్చేది మీ క్లాసుకేనంట సారూ. ఏదన్న మంచిగ చూపెట్టున్రి" అన్నారు.

నా సంగతి సరే, గెస్టును ఎక్కడికైనా పంపొచ్చు, ఇంటికి కూడా. పిల్లల సంగతి అలా కాదు. సుజాతను అడిగాను, సెక్షన్ మానుకోటకు పోతే ఏం చేస్తావని. ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది. "మానుకోట బస్సు మా తండాకు రాదు సార్. ఈడిదాంక అంటే ఆటోల వస్త. సెక్షన్ పోతే నేను ఆర్ట్స్‌ల కూసుంట. నర్సింగు కావాల్నంటే సైన్సు కావాలె. ఇగ నర్సింగు ఉండదు." ఫిర్యాదుగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. తండా పిల్లల్లో చాలామందిది ఇదే లెక్క. రణధీర్‌కు మోటారుసైకిలుంది, వాడు ఎక్కడికైనా పోగలడు. అయినా వాడు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మానుకోటలో అపోజిషన్ దొరకదని వాడి బాధ.

అధికారికి చూపడానికి నేను ఎంచుకున్న ప్రయోగం పాతదే. బేరియం హైడ్రాక్సైడు ఒక తెల్లని పొడి. దాని స్ఫటికాల్లోనే నీరు దాగి ఉంటుంది. అమ్మోనియం క్లోరైడు ఇంకో తెల్లని పొడి, కళాయి పోసేవాళ్ళు నవాసాగరం అంటారు. రెండూ బీకర్లో వేసి గాజుకడ్డీతో కలిపితే పొడులు రెండూ జావలా నీరుకారతాయి, అమ్మోనియా గుప్పుమంటుంది, బీకరు సున్నా డిగ్రీల కిందికి చల్లబడుతుంది. అడుగున తడి చెక్క పెడితే ఆ తడి మంచయి చెక్క బీకరుకు అంటుకుంటుంది. పొయ్యీ లేదు, ఫ్రిజ్జూ లేదు. బేరియం విషం కనుక ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేనే కలపాలి, కిటికీలు తెరవాలి, అంతే.

మా ల్యాబు బీరువాలో బేరియం హైడ్రాక్సైడు సీసా ఉంది. తనిఖీకి ముందు వారం క్లాసు ముందు ట్రయల్ వేశాను. కలిపాను. కలుపుతూనే ఉన్నాను. బీకరు నా అంత వెచ్చగా ఉంది.

"ఏందయ్యా సారూ, పిండి పిసుకుతున్నవా?" అంది మల్లమ్మ.

సీసాలోని పొడి చచ్చిపోయిందని అర్థమైంది. శనివారం జనగామ పోయి, నాకు డిగ్రీలో పాఠం చెప్పిన సారును అడిగి ఒక సీలు తీయని సీసా తెచ్చుకున్నాను. తడి చెక్క కోసం మల్లమ్మను అడిగితే తను కూర్చునే పీట ఇచ్చింది. ఇస్తూ, "మల్ల నాకే ఇయ్యాలె" అంది. సోమవారం రెండో ట్రయల్. ఈసారి అమ్మోనియాకు మొదటి బెంచీ లేచి మూడో బెంచీకి పోయింది. బీకరును పైకెత్తితే పీట కూడా లేచింది.

క్లాసు ఒక్కసారి కేక పెట్టింది. ఆ కేక కోసమే నేను లెక్చరర్నయ్యాను అని రాస్తే బాగుంటుంది కానీ, నేను లెక్చరర్నయింది గ్రూప్ ఫోరు ఉద్యోగం రానందుకు. అయినా కేక బాగుంది.

అప్పుడడిగాను, డెల్టా ఎస్ గుర్తేమిటని. సుజాత లేచి, రెండు గట్టి పొడుల్లోంచి నీళ్ళొచ్చినయి, గ్యాసొచ్చింది, ఇంతకంటే ప్లస్ ఎక్కడుంటుంది అంది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. కానీ ఆ రోజు రణధీర్ మొదటిసారి నిజంగా ఆలోచించాడు. వాడు పీటను చూపించి, "మరి గిది? పీట మీద నీళ్ళు గడ్డకట్టినయ్. నీళ్ళు మంచయితే మైనస్ అని సారే చెప్పిండు గదా. కండ్ల ముంగట మంచుంటే ప్లస్ అంటవేందే?" అన్నాడు. సగం క్లాసు వాడివైపు తిరిగిపోయింది.

నేను జవాబు చెప్పలేదు. ఓటింగు తనిఖీ రోజే, అధికారి ముందే, అన్నాను. ఆ తర్వాత పీరియడ్లో అసలు కారణం వివరిస్తాను, అప్పటిదాకా ఎవరి బుర్ర వాళ్ళు వాడుకోండి అని చెప్పి బయటికొచ్చాను. అది నా పాఠ్యప్రణాళిక. దానివల్ల జరగబోయేది నా ప్రణాళికలో లేదు.

అది మిరపకాయలు ఏరే కాలం. ఆ రోజుల్లో మా క్లాసులో బెంచీలు సగం ఖాళీగా ఉండేవి. పిల్లలు అమ్మానాయినల వెంట తోటలకు పోతారు, అడిగితే మంట పుడుతున్న వేళ్ళు చూపిస్తారు. ఇంకో వైపు పంచాయతీ ప్రచారం. ప్రచారం చేసేవాళ్ళు ఊరి నుంచి బతుకుదెరువుకు పోయిన ఓటర్ల జాబితా పట్టుకుని, హైదరాబాదు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వాళ్ళను రప్పిస్తున్నారు. మా క్లాసు నాయకులు ఇద్దరూ ఇంట్లో ఇదే చూస్తున్నారు. ఒక్క ఓటు కూడా పోకూడదని ఇద్దరూ విడివిడిగా, ఒకేసారి నిర్ణయించుకున్నారు.

సుజాత తండా తండాకు తిరిగి ఆటోలు మాట్లాడింది. ఒక్క రోజు మిరపకాయలు మీ పిల్లల చేతి కోసం ఆగుతాయి అని తల్లులకు నచ్చజెప్పింది. రణధీర్ మోటారుసైకిలు మీద ఒక్కొక్కణ్ణి తోట గట్టు నుంచే ఎక్కించుకొచ్చాడు. కిరణ్ అని ఒకడుండేవాడు, అడ్మిషన్ తీసుకున్నాక కాలేజీ మొహం చూడలేదు. భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేసే బావ దగ్గరుండి సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుంటున్నాడు. రణధీర్ వాడికి ఫోన్ చేసి, నీ ఓటు మైనస్‌కే అని మాట తీసుకుని, వస్తే బిర్యానీ అని చెప్పాడు. డెల్టా ఎస్ అంటే ఏమిటో తెలుసా అని అడగలేదు. ఓటరును అలాంటివి అడగరు.

తనిఖీ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి వరండా నిండిపోయి ఉంది. నేను ఎన్నడూ చూడని మొహాలు ఉన్నాయి. అందరూ నా విద్యార్థులేనట. "ప్లస్సుకే మన ఓటు" అని ఒక గుంపు, "మంచు గుర్తుకే మన ఓటు" అని ఇంకో గుంపు. కిరణ్ రెండు బస్సులు మారి వచ్చి, మంచినీళ్ళ కుండ పక్కన సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, "నమస్తే సార్, మీరు కొత్తగొచ్చిన్రా?" అన్నాడు.

విజయ మేడం గది నుంచి పరుగున వచ్చారు. అధికారి జీపు కేసముద్రం దాటిందని ఫోనొచ్చింది. "సారూ, ఆయన వచ్చేటాల్లకు ఈడ కొట్లాట ఉంటే సెక్షన్ కాదు, కాలేజే పోతది. ఓట్లు గీట్లు వద్దు. ఏకగ్రీవం చేయించున్రి!" అన్నారు.

ఇక్కడొక మాట. ఆ ఎన్నికల్లో చాలా ఊళ్ళు ఏకగ్రీవం కోసం ప్రయత్నిస్తున్నాయి. పోటీ లేకుండా అందరూ ఒక మాట మీదికొస్తే ఊరికి మంచి పేరు, సర్కారు నుంచి ఏదో వస్తుందని ఆశ. ఊరి పెద్దలు కూర్చుని పదవులు పంచుకుంటారు, అందరూ అవునంటారు, టపాసులు కాలుస్తారు. కానీ ఒక సంఖ్య ముందు ప్లస్సుండాలా మైనస్సుండాలా అనేది రాజీ మీద తేల్చిన ఊరు నాకు తెలిసి లేదు. ఈ సంగతి మేడంకు చెప్పబోయాను. ఆమె అప్పటికే సుజాతను, రణధీర్‌ను కుండ దగ్గరికి పంపేశారు.

నేను కాస్త దూరంలో నిలబడి విన్నాను.

"బీకరు లోపల గ్యాసొచ్చింది. కాదంటవా?" అంది సుజాత.

"రాలేదని నేనెప్పుడన్న? ముక్కు పోయింది నాది. పీట మీద మంచయింది. నువ్వు కాదంటవా?"

"కాదన."

"మరింకేంది? లోపల నీది, బయట నాది. పంచుకుందం. మా ఊర్ల ఉపసర్పంచ్ గిట్లనే చేసిన్రు, రెండున్నరేండ్లు ఆయనకు, రెండున్నరేండ్లు మా చిన్నాయనకు."

సుజాత వేలెత్తి షరతు పెట్టింది. "లోపల ప్లస్, బయట మైనస్. మల్ల మాట మార్చొద్దు."

"మా ఇంట్ల మాట మారుస్తరా?"

"మొన్న నామినేషనప్పుడు మార్చలే?"

"గది వేరే" అన్నాడు రణధీర్.

సంధి ప్రకటించగానే ప్రజల్లో అసంతృప్తి బయటపడింది. తోటల నుంచి వచ్చినవాళ్ళు, ఓటు లేకపోతే మమ్మల్ని ఎందుకు పిలిచిన్రు అని గోల. కిరణ్ సూటిగా అడిగాడు: "అన్న, ఏకగ్రీవమైతే బిర్యానీ ఉంటదా, ఉండదా?" ఉంటుందని రణధీర్ బహిరంగంగా హామీ ఇచ్చాక జనం క్లాసులోకి కదిలారు. చోటు చాలక ఒక్కో బెంచీకి నలుగురు ఇరుక్కున్నారు, మిగిలినవాళ్ళు గోడ వారన నిలబడ్డారు.

అధికారి వచ్చారు. తెల్లచొక్కా, మౌనం. వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను బోర్డు మీద సమీకరణం రాశాను. అది పెద్దది, రెండు వైపులా తూకం చేయాలంటే కష్టం. వెనక్కి తిరిగి చూస్తే ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. సమీకరణం తూకం చేస్తున్నారనుకున్నాను. కెమిస్ట్రీ మనిషే వచ్చాడు, ఇక తప్పు చెప్తే దొరికిపోతామని సమీకరణాన్ని ఇంకోసారి సరిచూసుకున్నాను.

పొడులు కలిపాను. జావ అయింది, అమ్మోనియా లేచింది, మల్లమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరిచింది. బీకరు ఎత్తాను. పీట లేచింది. ఈసారి కేక ముందటికి రెట్టింపు, జనం రెట్టింపు కనుక. అధికారి కూడా కుర్చీలోంచి సగం లేచి, దగ్గరికొచ్చి, పీటను వేలితో ఒకసారి తట్టి చూశారు.

"ఎంట్రోపీ పెరిగిందా, తగ్గిందా?" అని క్లాసును అడిగాను. క్లాసు మొత్తం, తోటల నుంచి, తండాల నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చిన ప్రతి ఓటరూ, ఒకే గొంతుతో అరిచారు: "లోపల ప్లస్! బయట మైనస్!"

అది అక్షరాలా సరైన జవాబు.

పుస్తకం దీన్నే ఇంకో విధంగా చెబుతుంది. బీకరు లోపల ఉన్నది వ్యవస్థ. పీట, నీళ్ళు, గాలి, మల్లమ్మ, మేము అందరం పరిసరాలు. లోపల గట్టి పొడులు నీరూ గ్యాసూ అయ్యాయి, ఎంట్రోపీ పెరిగింది. అందుకు కావలసిన వేడిని బయటి నుంచి లాక్కుంది. వేడి పోగొట్టుకున్న బయట ఎంట్రోపీ తగ్గింది. వ్యవస్థ, పరిసరాలు అనే మాటలు నేను ఇంకా చెప్పనే లేదు, తర్వాతి పీరియడ్ పాఠం అది. వీళ్ళు దాన్ని కుండ పక్కన నిలబడి, ఉపసర్పంచ్ పదవి పంచుకున్నట్టు పంచుకుని తేల్చేశారు.

అధికారి పీట వంక చూస్తూ అడిగారు: "లోపల ఒకటి, బయట ఒకటి. సరే. మరి మొత్తం మీద ఎవలు గెలిచినట్టు?"

ఈ పాఠంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ఒప్పందంలో దీని ప్రస్తావన లేదు. రణధీర్ నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను, చాలా ఆసక్తిగా.

సుజాత లేచింది. "మొత్తం మీద ప్లస్సే సార్."

"ఎట్ల చెప్తవు?"

"మనం మంట పెట్టలే. అయినా దానంతట అదే జరిగింది గదా సార్. మైనస్సుదే పైచెయ్యయితే అసలు జరగకనేపోతుండె. ఆ పొడులు గట్లనే పక్కపక్కన ఉంటుండె."

దానంతట అది జరిగే ప్రతి మార్పులోనూ లోపలిదీ బయటిదీ కలిపిన మొత్తం ఎంట్రోపీ పెరిగి తీరుతుంది. ఇది పెద్ద సూత్రం, పెద్ద పెద్దవాళ్ళు చాలా కష్టపడి తేల్చింది. నేను ఒక్క ముక్క మాట్లాడేలోపు రణధీర్ బెంచీ ఎక్కాడు. "సార్, గిది ఒప్పందంల లేదు! పంచుకున్నంక మల్ల మొత్తం లెక్కేందసలు?" క్లాసు పగలబడి నవ్వింది. అధికారి కూడా నవ్వారు. విజయ మేడం నవ్వాలా ఏడవాలా అని నా వైపు చూశారు. నేను నవ్వాను కనుక ఆమె కూడా నవ్వారు. మల్లమ్మ మాత్రం, "నా పీట ఇడిపియ్యున్రి" అంది.

అధికారి ప్రిన్సిపాల్ గదిలో టీ తాగారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. క్లాసు గురించి ఏమంటారోనని చెవులు రిక్కించాను. ఆ జవాబు, ఆ ప్రశ్న, ఆ సుజాత. ఆయన టీ పూర్తి చేసి, కప్పు పెట్టి, విజయ మేడంతో అన్నారు: "స్ట్రెంత్ మంచిగుంది మేడం. ఈ సీజన్‌ల ఏ కాలేజీకి పోయినా మిరపతోటల్ల తిరిగి లెక్కబెట్టుకోవాల్సొస్తది. మీ దగ్గర కూసునే జాగే లేదు. సెక్షన్ ఈడనే ఉంటది, నేను రాస్త."

ఆయన చూడడానికి వచ్చింది తలలు. రిజిస్టరులో ఉన్న పిల్లలు నిజంగా కాలేజీకి వస్తున్నారా లేదా, అంతే. నేను సమీకరణం రాస్తున్నప్పుడు ఆయన పెదవులు కదిలింది అందుకు. ఆయన సబ్జెక్టు కామర్స్. ప్రయోగం ఎలా ఉంది సార్ అని ఉండబట్టలేక అడిగాను. "బాగుంది. జర వాసనుంది" అన్నారు.

మొత్తం మీద ఎవరు గెలిచారని అడిగింది మరి కెమిస్ట్రీ కాదా అని మీరు అడగొచ్చు. ఆయన పంచాయతీ ఎన్నికల డ్యూటీలో కూడా ఉన్నారు. రెండు వైపుల లెక్కలు చెబితే మొత్తం అడగడం ఆయనకు అలవాటు.

జీపు గేటు దాటాక సెక్షన్ ఇక్కడే ఉంటుందని చెప్పాను. ఆ అరుపుకు పక్క గదిలో హిస్టరీ క్లాసు ఆగిపోయింది. సుజాత అరవలేదు, బ్యాగు భుజానికి తగిలించుకుని ఆటో దగ్గరికి నడిచింది, సగం దూరం పోయి ఎగిరి గంతేసింది, మళ్ళీ మామూలుగా నడిచింది. రణధీర్ బిర్యానీ హామీ నిలబెట్టుకున్నాడు. రెండు పార్టీలూ తిన్నాయి. కిరణ్ తిని, చెయ్యి కడుక్కుని, "మల్ల ఓట్లెప్పుడు సార్?" అని అడిగాడు. రేపే అన్నాను. వాడు భూపాలపల్లి పోలేదు. మర్నాటి నుంచి ప్రతి క్లాసులో ఓటింగు పెట్టాను. మిరపకాయలు ఏరే కాలంలోనూ బెంచీలు ముప్పావు వంతు నిండేవి.

సుజాత ఇప్పుడు మానుకోట దవాఖానలో స్టాఫ్ నర్సు. రణధీర్ మొన్నటి ఎన్నికల్లో వార్డు మెంబరు అయ్యాడు, ఏకగ్రీవంగా. కిరణ్ ఇంటర్ పాసై, చివరికి భూపాలపల్లిలో సెల్‌ఫోన్ల షాపే పెట్టుకున్నాడు. నా ఫోను వాడే బాగుచేస్తాడు, ప్రతిసారీ డెల్టా ఎస్ గుర్తేమిటని నన్నే అడుగుతాడు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమిటని అడిగితే ఇదీ: జవాబు చెప్పే ముందు పిల్లలను ఒక పక్షం పట్టనివ్వాలి. పక్షం పట్టినవాడు తేలేదాకా క్లాసు వదిలిపోడు, తోడుకు ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు కూడా. గుర్తు ఊహించడానికి గ్యాసు ఎటుందో చూడాలి. తప్పొచ్చే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే, బీకరును చూసి పీటను మరిచిపోవడం, లేదా పీటను చూసి బీకరును.

ఇంకొకటి. బేరియం హైడ్రాక్సైడు సీసా మూత గట్టిగా బిగించాలి. వదులుగా ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడు తగిలి కార్బొనేటు అవుతుంది, ఇక పనిచేయదు.